బాణానికి ఆసరా



మన పెద్దపల్లి జిల్లా అమ్మాయి ఒకతె ప్రపంచ పోటీలో బంగారు పతకం తెచ్చింది. ఆమె పేరు తానిపర్తి చికిత. 2025 ఆగస్టులో కెనడా దేశంలోని విన్నిపెగ్ నగరంలో యువ విలుకాండ్ర ప్రపంచ పోటీలు జరిగాయి. 21 ఏళ్ల లోపు అమ్మాయిల కాంపౌండ్ విల్లు పోటీలో చికిత గెలిచింది. చివరి ఆటలో కొరియా అమ్మాయిని 142–136 పాయింట్లతో ఓడించింది.

అంతకు ముందు 2023లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ చైనాలోని హాంగ్‌జౌ నగరంలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది. ఆమెది కూడా కాంపౌండ్ విల్లే.

ఇట్లాంటి వార్తలు విన్న మన ఆడపిల్లలు కూడా విల్లు పట్టాలని అడుగుతున్నారు. పిల్ల విల్లు పడితే తల్లికి ఏం తెలియాలి? పెద్ద పెద్ద సంగతులు సారు చూసుకుంటాడు. కానీ చిన్న సంగతి ఒకటి ఉంది. అది తెలిస్తే డబ్బు మిగులుతుంది. పిల్ల చేతికి దెబ్బ తగలదు. ఆ చిన్న సంగతి పేరు రెస్టు. అంటే బాణానికి ఆసరా.

ఈ పాఠంలో ఒక తల్లీ బిడ్డా మాట్లాడుకుంటారు. వాళ్లది గోదావరిఖని అనుకుందాం. తండ్రి బొగ్గు బాయిలో పని చేస్తాడు. తల్లి ఈ మధ్యనే చదువు నేర్చుకుంది.

1. బాణం పక్కకు పోయింది

పొద్దుగూకింది. బిడ్డ గ్రౌండు నుంచి ఇంటికి వచ్చింది. విల్లు సంచి మూలకు పెట్టింది. మొహం చిన్నబోయి ఉంది.

“ఏమైంది బిడ్డా?” అని తల్లి అడిగింది.

“ఇయ్యాల గూడ బాణాలు సక్కగ పోలేదమ్మా. ఒకటి కిందికి పోతది, ఒకటి పక్కకు పోతది. ఆదివారం సెలక్షన్ ఉన్నది. ఈ విల్లు పాతదైంది. కొత్తది కొనాలె.”

తండ్రి అప్పుడే ఫస్ట్ షిఫ్ట్ దిగి తిని పడుకొని లేచాడు. “కొత్త విల్లంటే మాటలా? అప్పు తేవాలె. పోయిన ఏడే కదా ఇది సెకండ్ హ్యాండుల కొన్నం” అన్నాడు.

నాయనమ్మ మంచం మీది నుంచే అంది. “ఆడపిల్లకు విల్లెందుకే? మానిపియ్యి కోడలా.”

తల్లి వెంటనే ఏమీ అనలేదు. విల్లు సంచి విప్పింది. “అప్పు సంగతి తర్వాత. ముందు ఏం చెడిపోయిందో చూద్దాం. బిడ్డా, దీనికి ఏది ఏమిటో నాకు చెప్పు” అని అడిగింది.

2. విల్లులో ఏమేం ఉంటాయి?

వెదురు విల్లు మనకు తెలుసు. ఒక బద్ద, ఒక తాడు. అంతే. కాంపౌండ్ విల్లు అట్లా ఉండదు. అమెరికాలో హోలెస్ విల్బర్ అలెన్ అనే ఆయన దీన్ని తయారు చేశాడు. 1969లో దానికి పేటెంటు వచ్చింది.

నడుమ లోహపు చట్రం ఉంటుంది. దానికే పిడి ఉంటుంది. పైన, కింద బద్దలు ఉంటాయి. బద్దల కొసలకు గిలకలు ఉంటాయి. గిలకల మీదుగా అల్లెతాడు, కేబుళ్లు పోతాయి.

బాయిలో నీళ్లు చేదేటప్పుడు గిలక ఉంటే బరువు తెలియదు. ఇక్కడ కూడా గిలకే సాయం చేస్తుంది. 50 పౌండ్ల విల్లు అనుకోండి. అంటే సుమారు 23 కిలోల బలం. లాగేటప్పుడు అంత బలమూ కావాలి. పూర్తిగా లాగిన తర్వాత గిలక తిరిగి బరువు చాలా తగ్గుతుంది. అప్పుడు ఆరేడు కిలోల బలంతో పట్టుకొని గురి చూడవచ్చు.

అల్లెతాడును వేళ్లతో లాగరు. రిలీజ్ అనే చిన్న కొక్కెంతో లాగుతారు. మీట నొక్కితే కొక్కెం విడుస్తుంది. బాణం పోతుంది.

మరి బాణం విల్లుకు ఎక్కడ ఆనుతుంది? వెనక తోక అల్లెతాడుకు ఆనుతుంది. ముందు భాగం రెస్టు మీద ఆనుతుంది. ఈ రెండు చోట్లే ఆసరా.

“అంటే బాయిల సపోర్టు అసొంటిది” అన్నాడు తండ్రి. “సపోర్టు లేని రూఫు కింద నిలబడొద్దని మాకు రోజూ చెప్తరు. సపోర్టు కదిలితే రూఫు నమ్మరాదు.”

“అదే బాపు! రెస్టు కదిలితే బాణాన్ని నమ్మరాదు” అంది బిడ్డ.

3. ఒక్క మిల్లీమీటరు ఎంత చేస్తుంది?

రెస్టు చిన్న వస్తువు. అగ్గిపెట్టె అంత ఉంటుంది. అది ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే ఏమవుతుంది? లెక్క చేద్దాం.

కాంపౌండ్ విల్లు పోటీలో టార్గెట్ 50 మీటర్ల దూరంలో ఉంటుంది.

50 మీటర్లు అంటే 50,000 మిల్లీమీటర్లు.

విల్లు లాగి పట్టినప్పుడు బాణం తోక నుంచి రెస్టు దాకా సుమారు 700 మిల్లీమీటర్లు అనుకుందాం.

50,000ను 700తో భాగిస్తే సుమారు 71 వస్తుంది.

అంటే రెస్టు దగ్గర 1 మిల్లీమీటరు తేడా వస్తే, టార్గెట్ దగ్గర సుమారు 71 మిల్లీమీటర్ల తేడా రావచ్చు. అది 7 సెంటీమీటర్లు.

50 మీటర్ల టార్గెట్ మీద ఒక్కో వలయం వెడల్పు 4 సెంటీమీటర్లు. నడిమి పది పాయింట్ల చుక్క అడ్డం 8 సెంటీమీటర్లు. నడిమధ్యన తగలాల్సిన బాణం 7 సెంటీమీటర్లు జరిగితే పది పోతుంది.

జ్యోతి సురేఖ హాంగ్‌జౌలో చివరి ఆటను 149–145తో గెలిచింది. 15 బాణాలకు 150 పాయింట్లు. ఆమె పోగొట్టుకున్నది ఒక్కటే పాయింటు. అక్కడ ఒక్కో పాయింటుకు ఎంత విలువ ఉందో చూడండి.

తల్లి బిడ్డ జామెట్రీ బాక్సులోని స్కేలు తీసింది. ఒక మిల్లీమీటరు ఎంతో చూసింది. “గీ ఇంత దానికా!” అని ఆశ్చర్యపోయింది.

తర్వాత రెస్టును వేలితో మెల్లగా కదిపింది. అది కదిలింది! మర వదులైంది. ఇంకా దగ్గరగా చూసింది. రెస్టు లోపలి కుచ్చు కింది వైపు అరిగిపోయింది. బాణం అక్కడ లోపలికి దిగిపోతోంది. బాణం ఈకలు కూడా ముడుచుకు పోయాయి.

“విల్లు మంచిగనే ఉన్నది. చెడింది ఇదే” అంది తల్లి.

4. రెస్టులు ఎన్ని రకాలు?

తెల్లారి తల్లీ బిడ్డా గ్రౌండుకు పోయారు. సారు మూడు రకాల రెస్టులు చూపించాడు.

మొదటిది బ్రష్ రెస్టు. ఇది గుండ్రని కడియం లాగా ఉంటుంది. లోపల బ్రష్ కుచ్చులు ఉంటాయి. నడుమ రంధ్రంలో బాణం పెడతారు. బాణం ఏ వైపుకూ పడిపోదు. కొత్తగా నేర్చుకునే వాళ్లకు సులువు. కదిలే భాగాలు లేవు. కానీ బాణం పోయేటప్పుడు ఈకలు కుచ్చులకు రాసుకుంటాయి. ఈకలు చెడతాయి. కుచ్చు అరిగితే బాణం కిందికి జారుతుంది. అప్పుడు మార్చాలి.

రెండోది డ్రాప్ రెస్టు. దీనికి ఒక సన్నని దారం ఉంటుంది. దారం రెండో కొసను విల్లు కేబుల్‌కో, బద్దకో కడతారు. విల్లు లాగితే రెస్టు లేచి బాణాన్ని మోస్తుంది. బాణం వదిలితే టక్కున కిందికి పడుతుంది. ఈకలు దేనికీ తగలవు. అది మంచి గుణం. కానీ దారం పొడుగు సరిగ్గా ఉండాలి. రెస్టు ఆలస్యంగా పడితే ఈకలు తగులుతాయి. తొందరగా పడితే బాణానికి ఆసరా ఉండదు. భాగాలు ఎక్కువ. ధర కూడా ఎక్కువే ఉంటుంది. మన దగ్గర బొగ్గు దుమ్ము ఎక్కువ. కదిలే కీలులో దుమ్ము చేరితే అది సరిగ్గా పడదు.

మూడోది బ్లేడు రెస్టు. సన్నని ఉక్కు రేకు ఒకటి ముందుకు వాలి ఉంటుంది. రేకు కొసకు చిన్న గాడి ఉంటుంది. బాణం ఆ గాడిలో కూర్చుంటుంది. రేకు స్ప్రింగు లాగా వంగి మళ్లీ లేస్తుంది. ఈకలకు దారి బాగా ఉంటుంది. టార్గెట్ పోటీల్లో చాలామంది దీన్నే వాడతారు. కానీ చేయి వణికితే బాణం గాడిలో నుంచి పడిపోతుంది. రేకు వంగినా, పగిలినా మార్చాలి. రేకు ఒక్కదాన్ని విడిగా కొనుక్కోవచ్చు.

బయటి దేశాల్లో కొందరు కాంపౌండ్ విల్లుతో వేటాడుతారు. బ్రష్ రెస్టు, డ్రాప్ రెస్టు అక్కడి వేటగాళ్లు ఎక్కువగా వాడతారు. చెట్టు మీద కూర్చున్నా, వంగి నడిచినా బాణం పడిపోకూడదు కదా! మన దేశంలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఉంది. అడవి జంతువులను వేటాడటం నేరం. జింకను గానీ, నెమలిని గానీ కొడితే జైలుకు పోతారు. మన పిల్లల విల్లు ఆటకే. ఈ మాట ఇంట్లో మగపిల్లలకు కూడా చెప్పాలి.

5. ఏది ఎంచుకోవాలి?

“ఎక్కువ ధర పెడితే మంచిది వస్తది కదా సారూ?” అని తల్లి అడిగింది.

“అట్ల కాదమ్మా. చీర మీదికి జాకెట్ కుట్టిస్తరు. ఖరీదు బట్టైనా కొలత తప్పితే వేసుకోరాదు. ఇది గూడ అంతే” అన్నాడు సారు. కొనేముందు అయిదు ప్రశ్నలు అడగమన్నాడు.

ఒకటి. ఇది ఎందుకు? కొత్తగా నేర్చుకునే పిల్లకు బ్రష్ రెస్టు చాలు. 50 మీటర్ల పోటీకి పోయే పిల్లకు బ్లేడు రెస్టు మేలు.

రెండు. ఏ చేతి వాటం? కుడి చేత్తో తాడు లాగే వాళ్లకు కుడి వాటం రెస్టు. ఎడమ చేత్తో లాగే వాళ్లకు ఎడమ వాటం రెస్టు. ఒకటి మరొకదానికి పనికి రాకపోవచ్చు. డబ్బా మీద ఏది రాసి ఉందో చదవాలి.

మూడు. విల్లుకు ఎట్లా బిగుస్తుంది? చాలా విల్లులకు పిడి పైన మర రంధ్రం ఉంటుంది. దాని కొలత 5/16 అంగుళం. అంగుళానికి 24 మర చుట్లు. కొన్ని కొత్త విల్లులకు చట్రం వెనక గాడి ఉంటుంది. గాడికి బిగించే రెస్టు వేరు. విల్లును చూసి కొనాలి.

నాలుగు. బాణం ఎంత లావు, ఎంత బరువు? బ్లేడు రెస్టులో పలుచని రేకులు, మందపు రేకులు దొరుకుతాయి. తేలిక బాణానికి పలుచనిది. బరువు బాణానికి మందపుది. గాడి వెడల్పు కూడా బాణానికి సరిపోవాలి.

అయిదు. పోటీ నియమాలకు సరిపోతుందా? ప్రపంచ విలువిద్య సంస్థ నియమాల ప్రకారం కాంపౌండ్ విల్లు రెస్టుకు కరెంటు, బ్యాటరీ భాగాలు ఉండకూడదు. బాణం ఆనే చోటు పిడి లోపలి వంపు నుంచి 6 సెంటీమీటర్ల కంటే వెనక్కు ఉండకూడదు. విల్లు బలం 60 పౌండ్లు దాటకూడదు.

తల్లి అయిదు ప్రశ్నలనూ నోటుబుక్కులో రాసుకుంది. అక్షరాలు పెద్దగా, వంకరగా వచ్చాయి. అయినా తాను రాసింది తానే మళ్లీ చదువుకోగలిగింది.

సారు దగ్గర ఒక పాత బ్లేడు రెస్టు ఉంది. కుడి వాటం. మర సరిపోయింది. “రేకు ఒక్కటి కొత్తది తెచ్చుకోండి. రెస్టు నేనిస్త” అన్నాడు. కొత్త విల్లుకు అప్పు అవసరం లేకుండా పోయింది.

6. రెస్టు ఎట్లా బిగించాలి?

ముందు ఒక మాట. ఈ పని తెలిసిన వాళ్ల ముందే చేయాలి. విల్లు బద్దల మరలు, గిలకలు, కేబుళ్లు ముట్టుకోకూడదు. వాటిలో ఎప్పుడూ బిగువు ఉంటుంది. అవి విడిస్తే పెద్ద దెబ్బ తగులుతుంది. రెస్టు మర మాత్రమే మన పని.

కావలసినవి: ఎలన్ కీలు, స్కేలు, రసమట్టం, పెన్సిలు, నోటుబుక్కు.

మొదటి మెట్టు. విల్లును బల్ల మీద స్టాండులో నిలబెట్టాలి. బాణం పెట్టవద్దు. పాత రెస్టు విప్పే ముందు అది ఎక్కడ ఉందో కొలిచి రాసుకోవాలి.

రెండో మెట్టు. రంధ్రాన్ని పొడి బట్టతో తుడవాలి. దుమ్ము ఉంటే మర సరిగ్గా కూర్చోదు.

మూడో మెట్టు. కొత్త రెస్టు పెట్టి మరను ముందు చేతితోనే తిప్పాలి. సులువుగా తిరగాలి. బిగుసుకుంటే బలవంతం చేయవద్దు. మర వాలుగా పోయిందన్నమాట. విప్పి మళ్లీ పెట్టాలి. బజారులో దొరికిన ఏదో ఒక బోల్టు పెడితే విల్లు రంధ్రమే చెడిపోతుంది.

నాలుగో మెట్టు. ఎత్తు చూడాలి. అల్లెతాడు నిట్టనిలువుగా ఉందో లేదో రసమట్టంతో చూడాలి. మేస్త్రీ గోడకు చూసినట్టే. తర్వాత బాణం తోకను తాడుకు తగిలించి, ముందు భాగాన్ని రెస్టు మీద పెట్టాలి. బాణం రంధ్రం నడుమకు ఎదురుగా పోవాలి. బాణానికి, తాడుకు మధ్య మూల మట్టం రావాలి. అంటే 90 డిగ్రీలు. ఈ కొలతలన్నీ తాడు లాగకుండానే చూడాలి.

అయిదో మెట్టు. పక్క దూరం చూడాలి. చట్రం నుంచి బాణం నడుమ దాకా ఎంత ఉందో కొలవాలి. చాలా విల్లులకు ఇది 13/16 అంగుళం దగ్గర ఉంటుంది. అంటే సుమారు 21 మిల్లీమీటర్లు. విల్లుతో వచ్చిన పుస్తకంలో వేరే కొలత ఉంటే దాన్నే పాటించాలి. వెనక నుంచి చూస్తే తాడు, బాణం ఒకే గీతలో కనబడాలి.

ఆరో మెట్టు. రేకు వాలు చూడాలి. చాలామంది 30 నుంచి 35 డిగ్రీల వాలు పెడతారు. రేకు మరీ నిలువుగా ఉంటే బిగుసుగా ఉంటుంది. మరీ పడుకుంటే వదులుగా ఉంటుంది.

ఏడో మెట్టు. మర బిగించాలి. రెస్టు కదలకూడదు. అయితే బలమంతా పెట్టి మర చెడగొట్టకూడదు. తర్వాత రెస్టు అంచు వెంట పెన్సిలుతో చిన్న గీత గీయాలి. రేపు రెస్టు జరిగితే గీత చూడగానే తెలుస్తుంది.

విల్లు పుస్తకం ఇంగ్లీషులో ఉంది. తల్లికి ఆ మాటలు రావు. కానీ అంకెలు వచ్చు. బిడ్డ మాట చదివింది. తల్లి అంకె చూసి స్కేలు పట్టింది. “21” అని పలికింది. బిడ్డ మర బిగించింది.

7. సరిగ్గా ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది?

రెండు సులువైన పరీక్షలు ఉన్నాయి. రెండూ గ్రౌండులోనే, సారు ముందే చేయాలి.

పౌడరు పరీక్ష. మొహానికి రాసుకునే పౌడరును రెస్టు మీద పలుచగా చల్లాలి. ఒక బాణం వేయాలి. తర్వాత రెస్టును చూడాలి. బాణం ఆనిన చోట కాకుండా వేరే చోట పౌడరు చెదిరిందా? బాణం ఈకలకు పౌడరు అంటిందా? అట్లయితే ఈకలు తగులుతున్నాయి. బాణం తోకను కొంచెం తిప్పి, ఈకలకు దారి ఇవ్వాలి.

కాగితం పరీక్ష. పాత వార్తాపత్రికను ఒక చట్రానికి అంటించాలి. దాని వెనక టార్గెట్ ఉండాలి. సుమారు 2 మీటర్ల దూరం నుంచి కాగితం గుండా బాణం వేయాలి. కాగితానికి పడిన చిల్లు చూడాలి. గుండ్రని చిల్లు, దాని చుట్టూ ఈకల గీతలు ఉంటే బాణం తిన్నగా పోయింది. పొడుగు చిరుగు ఉంటే బాణం వంకరగా పోయింది.

ఈకల చిరుగు పైకి ఉంటే బాణం తోక ఎత్తి పోయిందన్నమాట. ముందు పౌడరు పరీక్ష చేసి, ఏదీ తగలడం లేదని చూసుకోవాలి. తర్వాత రెస్టును కొంచెం పైకి జరపాలి. ఈకల చిరుగు కిందికి ఉంటే రెస్టును కొంచెం కిందికి జరపాలి. చిరుగు పక్కకు ఉంటే రెస్టును పక్కకు కొద్దిగా జరిపి మళ్లీ వేయాలి. చిరుగు తగ్గితే దారి సరైనది. పెరిగితే రెస్టును రెండో వైపు జరపాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సూత్రం ఉంది. ఒకసారి ఒక్కటే మార్చాలి. కూరలో ఉప్పు, కారం, పులుసు ఒకేసారి మార్చితే ఏది ఎక్కువైందో తెలియదు. ఇది కూడా అంతే. ఒకటి మార్చాలి. మూడు బాణాలు వేయాలి. రాసుకోవాలి. తర్వాతే ఇంకొకటి.

ఆ తల్లి ఇట్లా రాసుకుంది:

బుధవారం. పక్క దూరం 21. చిరుగు పైకి, పొడుగు.

గురువారం. రెస్టు పైకి 1 మిల్లీమీటరు. చిరుగు తగ్గింది.

శుక్రవారం. ఇంకొక అర మిల్లీమీటరు పైకి. గుండ్రని చిల్లు.

8. మరువకూడని జాగ్రత్తలు

బాణం లేకుండా తాడు లాగి వదలకూడదు. బాణం మీదికి పోవలసిన బలమంతా విల్లు మీదికే వస్తుంది. విల్లు పగులుతుంది. మనిషికి దెబ్బ తగులుతుంది.

బాణం పొట్టిగా ఉండకూడదు. పూర్తిగా లాగినప్పుడు బాణం ముందు భాగం రెస్టు దాటి ఉండాలి. రెస్టు వెనక్కు జారిన బాణం చేతిలోకి దిగవచ్చు. పిల్ల ఎదిగిన కొద్దీ లాగే పొడుగు పెరుగుతుంది. అందుకే పాత బాణాలను మళ్లీ మళ్లీ కొలవాలి.

లాగి ఉన్నప్పుడు బాణం రెస్టు మీది నుంచి పడితే వేలితో ఎత్తకూడదు. విల్లును టార్గెట్ వైపే ఉంచి, తాడును మెల్లగా ముందుకు వదలాలి. తర్వాత బాణాన్ని మళ్లీ పెట్టుకోవాలి.

కార్బన్ బాణాన్ని ప్రతి రోజూ చూడాలి. రెండు కొసలు పట్టుకొని, మొహానికి దూరంగా మెల్లగా వంచాలి. చిటపట చప్పుడు వస్తే, బీట కనబడితే ఆ బాణాన్ని విరిచి పారేయాలి. బీటలు వారిన బాణం వదలగానే పగిలి చేతికి గుచ్చుకుంటుంది.

విల్లు పట్టిన వాళ్ల ముందు ఎవరూ ఉండకూడదు. బాణాలు తీసుకురావడానికి అందరూ ఒకేసారి పోవాలి. క్వార్టర్ల మధ్య, డాబా మీద, సందులో బాణం వేయకూడదు.

రెస్టును రోజూ పొడి బట్టతో తుడవాలి. నూనె పూస్తే దుమ్ము ఇంకా పట్టుకుంటుంది. రేకును వేలితో వంచకూడదు. ఒక రేకు అదనంగా సంచిలో ఉంచాలి.

9. ఆదివారం

ఆదివారం వచ్చింది. సెలక్షన్ అయింది. ఆ పిల్లకు మొదటి స్థానం రాలేదు. కానీ ఆమె బాణాలన్నీ టార్గెట్ మీదే దగ్గర దగ్గరగా పడ్డాయి. ఎందుకు పడ్డాయో ఆమెకు తెలుసు. వచ్చేసారి ఏం చేయాలో కూడా తెలుసు.

ఇంటికి వచ్చి బిడ్డ నోటుబుక్కు తెరిచింది. “అమ్మా, నువ్వు రాసినదాన్ని సారు అందరికీ చూపెట్టిండు. రోజూ గిట్ల రాయుండ్రి అన్నడు.”

నాయనమ్మ విన్నది. కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, “ఏదీ, నాకు గూడ సదివి ఇనిపియ్యి కోడలా” అంది.

తల్లి చదివింది. నెమ్మదిగా, వేలు పెట్టుకొని చదివింది. తప్పు లేకుండా చదివింది.

అక్కలారా! 2028లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ విల్లు మొదటిసారి చేరుతోంది. అందులో ఒక ఆడ, ఒక మగ కలిసి ఆడే జట్టు పోటీ ఉంటుంది. అక్కడికి ఎవరు పోతారో ఇప్పుడే చెప్పలేం. కానీ పిల్లలు గురి నేర్చుకునే రోజుల్లో ఇంట్లో ఒకరికి స్కేలు పట్టడం, అంకె చదవడం, రాసి పెట్టడం వస్తే ఎంతో మేలు. ఆ పని మనం చేయగలం.

కొత్త మాటలు

రెస్టు: విల్లు మీద బాణం ఆనే చిన్న ఆసరా.
అల్లెతాడు: విల్లుకు కట్టిన తాడు.
గిలక: తాడు మీదుగా పోయే గుండ్రని చక్రం.
మర: బోల్టు మీద, రంధ్రం లోపల ఉండే చుట్ల గీతలు.
రసమట్టం: మట్టం చూసే పనిముట్టు. లోపల నీటి బుడగ ఉంటుంది.
ఈకలు: బాణం తోక దగ్గర ఉండే రెక్కలు.

ప్రశ్నలు

1. తానిపర్తి చికిత ఏ సంవత్సరంలో, ఏ దేశంలో గెలిచింది?
2. రెస్టులు ఎన్ని రకాలు? వాటి పేర్లు రాయండి.
3. రెస్టు కొనేముందు అడగవలసిన ప్రశ్నలు ఏవి?
4. బాణం లేకుండా తాడు లాగి ఎందుకు వదలకూడదు?
5. ఒకసారి ఒక్కటే ఎందుకు మార్చాలి? మీ ఇంటి పనిలో నుంచి ఒక ఉదాహరణ చెప్పండి.

లెక్క చేయండి

రెస్టు 2 మిల్లీమీటర్లు జరిగితే 50 మీటర్ల దగ్గర బాణం సుమారు ఎన్ని సెంటీమీటర్లు జరుగుతుంది?

మాట్లాడుకోండి

మీ వాడలో ఆటలు ఆడే ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారు? ఆట మానేసిన వాళ్లు ఎందుకు మానేశారు? వాళ్లకు ఇంట్లో ఎట్లాంటి ఆసరా కావాలి? కేంద్రంలో అందరూ కూర్చొని మాట్లాడండి. చెప్పుకున్న మాటల్లో మూడింటిని నోటుబుక్కులో రాయండి.